గట్టు లేని సరస్సు

ఆ సరస్సుకు గట్టు లేదు. ఎన్నడూ లేదు. ఈ ఏడు నీళ్లు ఇంతదాకా వచ్చాయి కదా, వచ్చే ఏడు ఎక్కడ ఆగుతాయి అంటే చెప్పగల మొనగాడు ఆ ఒడ్డున పుట్టలేదు. సహారా ఎడారి దక్షిణపు అంచున, చాద్, నైజర్, నైజీరియా, కామెరూన్ దేశాల సరిహద్దులు కలిసేచోట, చాలాచోట్ల రెండు నిలువులకు మించని లోతుతో పరుచుకున్న నీళ్లవి. సముద్రానికి వాటికి దారి లేదు. ఎండకు ఆవిరై, ఏటికేడు ఉప్పు పేరుకుని నోట పెట్టలేనివి కావలసిన నీళ్లు. అయినా చాద్ సరస్సు నీళ్లు తాగే నీళ్లే. ఉప్పు అడుగునున్న ఇసక గుండా భూమిలోకి ఇంకిపోతుంది. ఎడారి ముంగిట అంత మంచినీళ్లు నిలవడం కంటే పెద్ద వరం ఏ జాతికైనా ఏముంటుంది?

ఆ నీళ్లలో నూటికి తొంభై పాళ్లు చారి నదివి, అందులో కలిసే లొగోన్‌వి. ఆ రెండూ ఎక్కడో దక్షిణాన, మధ్య ఆఫ్రికా, కామెరూన్ ఎత్తుల మీద పుడతాయి. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఆ వరద నెమ్మదిగా నడిచొచ్చి సరస్సును నింపేసరికి డిసెంబరు, జనవరి అవుతుంది. ఒడ్డున వానలు వెలిసి నెలలు గడిచాక, ఉత్తరం నుంచి పొడిగాలి దుమ్మెత్తిపోసే రోజుల్లో, ఆకాశాన మబ్బుతునక లేనప్పుడు నీళ్లు పెరుగుతాయి. ఎండలు ముదిరేసరికి మళ్లీ వెనక్కి జరుగుతాయి. ఏడాదికోసారి సరస్సు తీసి వదిలే ఆ ఊపిరిని బట్టే అక్కడి మనుషుల బతుకు సాగింది.

నీళ్లున్నన్నాళ్లు ఆ నేల జాలరిది. నీళ్లు జరిగిపోగా మిగిలిన తడినేల రైతుది. జొన్న, మొక్కజొన్న, అలసంద వేసుకుంటాడు. కోత అయ్యాక చొప్పా మోళ్లూ పశువులవాడివి. ఆ పశువుల పేడ మళ్లీ వరదొచ్చినప్పుడు చేపకు బలం. ఒకే చెక్క ఏడాదిలో మూడు చేతులు మారేది. ఎవరు ఎప్పుడు దిగాలో, ఎవరు ఎప్పుడు తప్పుకోవాలో చెప్పడానికి నీటిపెద్దలు, ఊరిపెద్దలు ఉండేవారు. తగాదాలు ఉండేవి. తీర్చే చోటూ ఉండేది.

నైజీరియా వైపు ఒడ్డంతా నల్లరేగడి. వానలు వెనకపట్టాక, నేలలో దాగిన తేమతోనే అక్కడ జొన్న పండిస్తారు. నారు పోసి, గుంట చేసి, నాటే జొన్న. మన రేగళ్లలో మాఘీ జొన్న ఎరిగిన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. లంకల్లో బుదుమలు ఉండేవారు. వాళ్ల పడవలు పాపిరస్ జమ్ముతో కట్టినవి. వాళ్ల కురి జాతి ఆవులకు కొమ్ములు ఉబ్బి, లావుగా, లోపల గుల్లగా ఉంటాయి. మేత అయిపోతే ఆ మంద ఒక లంక నుంచి ఇంకో లంకకు ఈదుకుంటూ పోయేది. తూర్పు ఒడ్డున కనెంబు ఆడవాళ్లు చిన్న చిన్న మడుగుల్లో తేలే ఆకుపచ్చని నాచును దేవి, ఇసక మీద ఆరబెట్టి, బిళ్లలు కోసి కూరలో వేస్తారు. దాన్ని దిహే అంటారు. ఇవాళ మన ఊళ్ల మందుల షాపుల్లో స్పైరులినా పేరిట డబ్బాల్లో అమ్ముతున్నది అదే. ఎన్ని తరాల కిందటో కనిపెట్టి, పిల్లలకు పెట్టి పెంచిన ఆ తల్లుల పేరు ఏ డబ్బా మీదా ఉండదు.

1969లో నార్వే సాహసికుడు థోర్ హేయర్డాల్ జమ్ముపడవ మీద అట్లాంటిక్ దాటాలని పూనుకున్నాడు. ప్రాచీన ఈజిప్టు నాటి ఆ విద్య ఇంకా చేతుల్లో మిగిలిన మనుషుల్ని వెతుక్కుంటూ చాద్ సరస్సుకే వచ్చాడు. బుదుమ పనివాళ్లు ఈజిప్టు వెళ్లి, పిరమిడ్ల పక్కన, ఇథియోపియా నుంచి తెచ్చిన పాపిరస్‌తో ‘రా’ అనే పడవ కట్టిచ్చారు. వాళ్లు ఆ పడవ కడుతున్ననాటికే సరస్సు మీదికి కరువు బయల్దేరింది.

1963లో ఆ సరస్సు సుమారు 25,000 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి గుంటూరు, నెల్లూరు జిల్లాలు రెండూ కలిపితే ఎంతో అంత. 1968 నుంచి వానలు ముఖం చాటేశాయి. 1972, 1973 ఏళ్లు మరీ ఘోరం. నీళ్లు దిగగా దిగగా సరస్సు నడుమ పాత ఇసకదిబ్బల వరస పైకి తేలి, దాని మీద తుంగా జమ్మూ అల్లుకుని, సరస్సు రెండు ముక్కలైంది. చారి నీళ్లు దక్షిణపు ముక్క దగ్గరే ఆగిపోయాయి. ఉత్తరపు ముక్క 1975లో పూర్తిగా ఎండింది. కొంచెం తేరుకుందనుకునేలోగా 1983, 84 కరువు వచ్చిపడింది. ఆ దశకంలో కంటికి కనిపించే తేటనీరు పదోవంతు కూడా మిగల్లేదు. నైజర్‌లో ఎన్‌గిగ్మి అనే ఊరు ఒకనాడు సరస్సు ఒడ్డున ఉండేది. పడవలు కట్టేసిన చోట నిలబడి చూస్తే ఇసక తప్ప మరేం లేకుండా పోయింది. సహారా దక్షిణపు అంచున పరుచుకున్న సాహెల్ ప్రాంతమంతటా మందలకు మందలు కూలిపోయాయి. 1970ల మొదటి కరువులోనే లక్షమంది దాకా చనిపోయారని ఒక అంచనా.

సరస్సు తగ్గడం ఆ మనుషులకు కొత్త కాదని మరిచిపోకూడదు. 1908లో ఫ్రెంచి అధికారి జాన్ తిలో కొలతలు వేసినప్పుడు కూడా ఉత్తరపు సగం ఎండే ఉంది. అంతకుముందు శతాబ్దాల్లోనూ అలా జరిగింది. అప్పుడు వాళ్లేం చేశారు? నీళ్లతో పాటు నడిచారు. నీరు జరిగితే ఊరు జరిగింది. వెయ్యేళ్లకు పైగా నిలిచిన కనెం, బోర్ను రాజ్యాలు ఆ కదిలే ఒడ్డు మీదే నిలిచాయి. ఈసారి మాత్రం నడవడానికి చోటు లేదు. నేను ఏడ్చేది దాని గురించే. ఎండిన సరస్సు గురించి ప్రపంచం చాలా ఏడ్చింది. నీటి వెంట నడిచే హక్కును ఆ మనుషుల నుంచి ఒక్కొక్కరే వచ్చి ఎలా లాక్కున్నారో ఎక్కువమంది చెప్పలేదు.

ముందు వాన సంగతి. కరువు వచ్చిన కొత్తలో నేరం ఎవరి మీద మోపారో చూడండి. పశువులవాడి మీద. లెక్కకు మించి మందలు పెంచి, పచ్చిక నాకించి, నేలను బోడి చేశాడు కాబట్టి ఎండ తిరిగి ఆకాశానికి కొట్టి వాన రాకుండా పోయిందన్నారు. 1975లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీ ఆ సిద్ధాంతం చెప్పాక అది పాఠ్యపుస్తకాలకెక్కింది. పాతికేళ్ల పైన గడిచాక, 2002, 2003లలో వచ్చిన పరిశోధనలు వేరే దారి చూపించాయి. సాహెల్ వానను నడిపేది సముద్రాల వేడి. హిందూ మహాసముద్రం వేడెక్కింది. యూరప్, ఉత్తర అమెరికా కర్మాగారాలు కక్కిన బొగ్గు పొగలోని గంధకపు ధూళి ఎండను అడ్డుకుని ఉత్తర అట్లాంటిక్‌ను చల్లబరిచింది. వెచ్చని వైపుకే వానపట్టీ మొగ్గుతుంది. అది దక్షిణానికి జరిగింది. ఇందులో పొగ పాలెంత, సముద్రపు సహజమైన మార్పు పాలెంత అని శాస్త్రవేత్తలు ఇంకా తర్కించుకుంటున్నారు. పశువులవాడి మీది నేరం మాత్రం నిలవలేదు. తమ అడవులు, చెరువులు ఆమ్లవర్షానికి చస్తున్నాయని ఆ సంపన్న దేశాలు పొగ తగ్గించుకున్నాయి. తర్వాత సాహెల్‌కు వాన కొంత తిరిగొచ్చింది. మందలు పోగొట్టుకుని, ఆ పైన నింద కూడా మోసినవాళ్లలో ఎందరో అప్పటికి బతికి లేరు. వాళ్లకు ఎవరైనా క్షమాపణ చెప్పారా? నాకు తెలిసినంతలో లేదు.

తర్వాత ప్రభుత్వాలు. 1970లలో నైజీరియాకు చమురు డబ్బు వచ్చింది. సరస్సు పక్కన 67,000 హెక్టార్లకు నీళ్లిచ్చే దక్షిణ చాద్ సాగునీటి పథకం తలపెట్టింది. గోధుమ, వరి పండిస్తామంది. పెద్ద పెద్ద పంపులు, కాంక్రీటు కాలువలు వచ్చాయి. సరస్సు నిండుగా ఉన్న ఏళ్లు చూసి వేసిన లెక్కలవి. 1980ల నడుమకు నీళ్లు కాలువ మొగ అందనంత దూరం జరిగిపోయాయి. పంపులు నిలిచిపోయాయి. తేమను నమ్ముకుని జొన్న వేసుకునే పొలాలు పథకం కిందికి పోయాయి. పథకం నీళ్లు రాలేదు. ఎడారిని ఆపుతుందని నాటిన సర్కారు తుమ్మ ఎండిన సరస్సు అడుగును అల్లుకుంది. ఆ ముళ్లకంప నేలకు ఏం చేస్తుందో మన చెరువుల్లో చూసినవాళ్లమే.

మూడోది సరిహద్దు. ఐరోపా దొరలు నీళ్ల మీద గీసిన గీతలవి. నీళ్లున్నప్పుడు ఎవరికీ కనిపించలేదు. నీళ్లు జరిగాక నేల తేలింది, నేల తేలాక జెండాలు లేచాయి. 1983లో సరస్సు లంకల కోసం చాద్, నైజీరియా సైన్యాలు కాల్చుకున్నాయి. నైజీరియా సేనను నడిపిన సేనాని పేరు ముహమ్మదు బుహారి. ఆ ఏడాది చివర్లోనే ఆయన కుట్రతో దేశాధిపతి అయ్యాడు. 2015లో ఎన్నికల్లో గెలిచి మళ్లీ వచ్చాడు. సరస్సును తిరిగి నింపాలని దేశదేశాల సభల్లో అడుగుతూ వచ్చింది కూడా ఆయనే. వయసులో ఉన్నప్పుడు లంకల కోసం తుపాకులు నడిపిన చేయి, ముసలితనంలో నీళ్ల కోసం చాచవలసి వచ్చింది.

దరక్ అనే ఊరి కథ మరీ నొప్పిస్తుంది. సరస్సు వెనక్కి పోతుంటే నైజీరియా జాలర్లు అలవాటు చొప్పున నీటి వెంట నడిచారు. ఊళ్లు కట్టుకున్నారు. బడి, ఆసుపత్రి వెలిశాయి. తాము దాటింది కామెరూన్ గీత అని వాళ్లకు పట్టలేదు. తాతలు నడిచిన పద్ధతే కదా. కేసు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పోయింది. 2002 అక్టోబరు 10న తీర్పు వచ్చింది. దరక్, దానితో పాటు సరస్సులోని మరికొన్ని ఊళ్లు కామెరూన్‌వే. నైజీరియా అధికారులు, సైనికులు మూటాముల్లె సర్దుకున్నారు. పాత ఒప్పందపు కాగితాలు చదివితే తీర్పు సరైనదే. నీటి వెంట నడవడం అనే వెయ్యేళ్ల అలవాటుకు ఆ కాగితాల్లో చోటు లేదంతే.

ఆఖరున తుపాకీ వచ్చింది. ఎండిన సరస్సే బోకో హరామ్ అనే సాయుధ ముఠాను కన్నదని చాలామంది రాశారు. ఆ మాట తేలికగా ఉంటుంది కానీ నిజానికి న్యాయం చేయదు. మహమ్మద్ యూసుఫ్ ఆ ఉద్యమాన్ని లేపింది నైజీరియాలోని మైదుగురి నగరంలో. పాలకుల అవినీతి, చదువుకున్నా దొరకని కొలువు, పోలీసుల దౌర్జన్యం దానికి ఎరువైనాయి. 2009 జూలైలో తిరుగుబాటు అణచివేసి, పట్టుబడిన యూసుఫ్‌ను పోలీసులు తమ చెరలోనే చంపాక అది మరింత క్రూరమైంది. నగరం నుంచి తరిమాక దానికి సరస్సు దొరికింది. నాలుగు దేశాల గీతలు కలిసే చోటు, ఏ ప్రభుత్వం బడీ దవాఖానా కట్టని లంకలు, చేతిలో పశువూ పొలమూ లేని కుర్రాళ్లు. కరువు చేసింది ఇదీ: మనుషులను ఒంటరులను చేసి పెట్టింది.

2015 జనవరిలో బోకో హరామ్ వాళ్లు బాగ ఊరి మీద పడ్డారు. సరస్సు చేపలు నైజీరియా నలుమూలలకూ వెళ్లే సంత అది. ఎందరిని చంపారో నేటికీ ఒక లెక్క లేదు. వందలన్నారు, వేలన్నారు. ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో ఇళ్ల వరసలు మసిగా కనిపించాయి. బతికినవాళ్లు పడవలెక్కి చాద్ వైపు పారిపోయారు.

ప్రభుత్వాలు ఇచ్చిన జవాబు ఆ మనుషులను రెండోసారి కొట్టింది. తిరుగుబాటుదారులకు డబ్బు అందుతోందని చేపల వ్యాపారం ఆపేశారు. మోటారు సైకిళ్లు నిషేధించారు. నైజర్‌లోని దిఫా ప్రాంతంలో కొమదుగు యోబె నది ఒడ్డున మిరప పండుతుంది. గుంటూరు రైతు మిరపను ఎలా చూసుకుంటాడో దిఫా రైతూ అలాగే చూసుకుంటాడు. వాళ్లకూ అది ఎర్ర బంగారమే. దాని అమ్మకాన్నీ కట్టడి చేశారు. 2015 ఏప్రిల్ చివర లంకల్లో ఉన్నవాళ్లంతా కొద్ది రోజుల్లో ఖాళీ చేయాలని నైజర్ ఆజ్ఞ వేసింది. వేల మంది మండుటెండలో ఇసకలో నడుచుకుంటూ ఎన్‌గిగ్మి వైపు వచ్చారు. దారిలో దాహానికి చనిపోయినవాళ్లున్నారు. వాళ్లు వదిలివచ్చిన లంకల చుట్టూ ఉన్నవి నీళ్లు.

ఖాళీ అయిన చోట ఎవరు పాలిస్తారు? 2016లో బోకో హరామ్ చీలి, ఇస్లామిక్ స్టేట్ పేరు పెట్టుకున్న ముఠా లంకల్లో పాగా వేసింది. జాలరి దగ్గర, రైతు దగ్గర, పశువులవాడి దగ్గర పన్ను వసూలు చేసింది. పన్ను కట్టినవాడిని పని చేసుకోనిచ్చింది. ఒకప్పుడు ఊరిపెద్దలు చెప్పిన మాట, ఎవరు ఎప్పుడు దిగాలి అన్నది, ఇప్పుడు తుపాకీ పట్టినవాడు చెబుతున్నాడు. 2017 మార్చి 31న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2349వ తీర్మానంలో, ఈ ప్రాంతపు అశాంతిలో వాతావరణ మార్పుకూ పాత్ర ఉందని గుర్తించింది. అప్పటికే ఇరవై లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలారు.

తుపాకీ లేని చోట కూడా పాత పొందిక తెగింది. 2021లో కామెరూన్ ఉత్తరాన లొగోన్ వరదమైదానంలో ముస్గూమ్ జాలర్లు నీళ్లు నిలవడానికి గుంటలు, కాలువలు తవ్వుకున్నారు. వరద తగ్గాక చేప అందులో చిక్కుతుంది. షువా అరబ్బుల పశువులు నీటికి దిగి ఆ బురద గుంటల్లో కూరుకుపోయాయి. అక్కడ మొదలైంది. ఆగస్టులో ఒకసారి, డిసెంబరులో మరోసారి ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. పదుల వేల మంది నది దాటి చాద్ రాజధాని ఎన్‌జమేనా వైపు పరిగెత్తారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఆ రెండు జాతులూ తరాలుగా ఒకే నీళ్ల దగ్గర బతికినవే. చంపుకునేంత పగ ఆ గుంటలో లేదు. వచ్చే ఏడు వరద వస్తుందో రాదో అన్న భయంలో ఉంది.

ఇంతా చేసి సరస్సు పూర్తిగా పోలేదు. 1990ల నుంచి నీళ్లు పెరిగాయి. తేటనీరు పాత వెడల్పుకు రాలేదు కానీ, జమ్ముదుబ్బుల కింది నీళ్లనూ కలుపుకుంటే కొన్ని దశాబ్దాలుగా అది మరింత కుంచించుకుపోవడం లేదని ఉపగ్రహాల కొలతలు చెబుతున్నాయి. అయినా చచ్చిపోతున్న సరస్సు అనే మాటే పెద్దల సభలకు ఇష్టం. ఎందుకంటే చచ్చిపోతున్నదానికి పెద్ద మందు అడగవచ్చు. 2018 ఫిబ్రవరిలో నైజీరియా రాజధాని అబుజాలో పెద్ద సభ జరిగింది. కాంగో నది ఉపనదుల నీళ్లను దాదాపు 2,400 కిలోమీటర్ల కాలువ తవ్వి చారిలోకి మళ్లించాలన్న పథకాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. ట్రాన్సాక్వా అంటారు. ఇటలీ ఇంజనీర్లు దశాబ్దాల కిందట గీసిన ఊహ. 5,000 కోట్ల డాలర్ల నిధి కావాలన్నారు. ఆ కాలువకు ఒక్క తట్ట మట్టి తీయలేదు. కాంగో ఒడ్డునున్నవాళ్లను అడగాలి కదా అన్న ప్రశ్నకూ జవాబు రాలేదు. ఆ డబ్బులో వెయ్యోవంతు లంకల బడులకు, పశువుల దారులకు, జాలరికీ రైతుకూ నడుమ కూర్చునే పెద్దలకు ఇచ్చినా ఎంత మేలు జరిగేదో అనిపిస్తుంది.

వేడెక్కిన ఆకాశం ఇప్పుడు రెండో ముఖం చూపిస్తోంది. 2022లో చారి, లొగోన్ పొంగి ఎన్‌జమేనా వాడలు మునిగాయి. 2024 సెప్టెంబరు 10న మైదుగురి పక్కనున్న అలావు డ్యాం తెగింది. అర్ధరాత్రి దాటాక నీళ్లు నగరంలోకి వచ్చాయి. జంతుప్రదర్శనశాల గోడలు కూలి మొసళ్లు వీధుల్లోకి ఈదాయి. లక్షల మంది రోడ్డున పడ్డారు. వాళ్లలో చాలామంది అప్పటికే సరస్సు ఒడ్డు ఊళ్ల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. ఒకసారి నీళ్లు లేక, ఒకసారి తుపాకీకి, ఇంకోసారి నీళ్లకే ఇల్లు పోగొట్టుకున్న మనిషికి ఏ పేరు పెట్టి సాయం చేయాలో ఏ దస్త్రంలోనూ లేదు. ఈ భూమిని వేడెక్కించిన పొగలో చాద్, నైజర్ దేశాల వాటా వెతికితే తప్ప కనబడనంత.

మైదుగురిలోని శరణార్థి శిబిరాలను బోర్ను రాష్ట్ర ప్రభుత్వం 2021 నుంచి మూసేస్తూ వచ్చింది. జనాన్ని సరస్సు వైపు ఊళ్లకు తిరిగి పంపింది. బాగ, మార్తె, కుకావ. ఊరి చుట్టూ సైన్యం కందకం తవ్వి, ఇంతవరకే వ్యవసాయం, ఇంతవరకే చేపలవేట అని హద్దు పెట్టింది. హద్దు లోపలి నేల చాలదు. నీళ్లు, తడి ఆరని మంచి నేల హద్దుకు ఆవల ఉన్నాయి. 2025 జనవరిలో కుకావ ప్రాంతంలోని దుంబా దగ్గర కనీసం 40 మంది రైతులను ముష్కరులు కాల్చి చంపారు. వాళ్లు హద్దు దాటి వెళ్లారని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. తప్పించుకుని ఎటో వెళ్లిపోయినవాళ్లను వెతుకుతున్నామని చెప్పింది.